మా అత్తమ్మ చాక్లెట్ డబ్బా

పిల్లల నోట్లో చాక్లెట్ పెట్టి, బుగ్గ గిల్లి, తమ దారిన తాము వెళ్ళిపోయేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ముందే చెప్పేస్తున్నాను, తరువాత నన్ను అనొద్దు. ఆ పిల్ల అన్నం ముద్ద ఉమ్మేస్తే ఎత్తేది వాళ్ళు కాదు. పంటినొప్పితో గుక్కపెట్టి ఏడిస్తే భుజాన వేసుకుని తిరిగేదీ వాళ్ళు కాదు. "ముద్దుగుంది పోరి" అని మెచ్చుకున్న పుణ్యం మాత్రం వాళ్ళది. ఇలాంటివాళ్ళు బీదర్‌లో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు గానీ, అందరూ మా చర్చికే వస్తారని నా గట్టి నమ్మకం.

మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ఆ వారంలో పుట్టినరోజు ఉన్నవాళ్ళు ఆదివారం ఆరాధనలో ముందుకు వెళ్ళి నిలబడతారు. కృతజ్ఞత కానుక ఇస్తారు, పాస్టరుగారు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. అంతవరకు బాగానే ఉంది. ఆరాధన అయ్యాక ఆ ఇంటివాళ్ళు చాక్లెట్ల సంచి పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడాలి. బయటికి వెళ్ళే ప్రతివాళ్ళూ ఒకటి తీసుకుంటారు. పుట్టినరోజు పసిపిల్లదైతే, అందులోనే ఒకటి విప్పి ఆ పిల్ల నోట్లో పెడతారు. దాన్ని నోరు తీపి చెయ్యడం అంటారు. పెద్ద సంఘం, ఎవరూ పుట్టని వారం ఉండదు. తన పుట్టినరోజు కాకపోయినా, చంకనెక్కి వచ్చిన ప్రతి పిల్లకూ ఏదో ఒక చెయ్యి చాక్లెట్ అందిస్తూనే ఉంటుంది. నడక రాని పిల్ల కూడా తప్పించుకోలేదు.

ఇది చాలదన్నట్టు మా అత్తమ్మ సండే స్కూల్ టీచరు. నేను చిట్గుప్ప నుంచి కోడలిగా ఈ ఇంటికి రాకముందు నుంచీ, ఆ మాటకొస్తే నా భర్త పుట్టకముందు నుంచీ టీచరే. ఆమె దగ్గర ఒక రేకు డబ్బా ఉంది. ఎప్పటిదో బిస్కెట్ల డబ్బా, మూత మీది బొమ్మ అరిగిపోయి ఉత్త రేకు మిగిలింది. బైబిల్ వాక్యం కంఠతా అప్పజెప్పిన పిల్లకు అందులోంచి ఒక చాక్లెట్ దొరుకుతుంది. అలా వాక్యాలు నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు నర్సులూ టీచర్లూ క్లర్కులూ అయ్యారు. బజారులో కనబడితే స్కూటర్ ఆపి, "టీచరమ్మా, మీ డబ్బా ఇంకా ఉందా?" అని అడుగుతారు. అత్తమ్మ మొహం వెలిగిపోతుంది. వాళ్ళ పళ్ళు ఎట్లున్నాయని అడగాలని నాకు ప్రతిసారీ నాలుక చివరిదాకా వస్తుంది.

మా పెద్దవాడు రెండేళ్ళ వయసులోనే ఆ డబ్బా పాలబడ్డాడు. నేను తాలూకా ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తాను. పొద్దున పోతే సాయంత్రమే రావడం. వాడు రోజంతా నాయనమ్మ దగ్గరే ఉండేవాడు. వచ్చీరాని మాటలతో చిన్న వాక్యం ఒకటి అప్పజెబితే ఒక చాక్లెట్. అదే వాక్యం గంట తరువాత మళ్ళీ అప్పజెబితే ఇంకొకటి. "ఇంత చిన్న పోరనికి ఎంత భక్తి" అని ఇంటికి వచ్చినవాళ్ళందరూ మురిసిపోయారు. వాడి భక్తి అంతా డబ్బా మూత మీదే అని నాకు తెలుసు. చాక్లెట్ చప్పరిస్తూనే మధ్యాహ్నం నిద్రపోయేవాడు. ముందుపళ్ళకు చిగురు అంచున మొదట ఒక తెల్లని గీత కనబడింది. సున్నం అంటినట్టు ఉంది, పాలేమో అనుకుని తుడిచాను. పోలేదు. కొన్నాళ్ళకు అది పసుపు రంగుకు తిరిగింది, తరువాత నల్లబడింది.

"పండ్లు పుచ్చిపోతున్నయ్ అత్తమ్మా, ఇగ చాక్లెట్లు పెట్టకుండ్రి" అన్నాను.

"పాలపండ్లే గదనే. ఊడిపోయినంక మంచియి వస్తయ్ తియ్. గంత పరేషాన్ ఎందుకు?" అన్నది.

ఒకరోజు వాడి పెదవి వాచి, జ్వరం వచ్చి, పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకుపోయాం. ఆమె వాడి నోరు తెరిచి చూసి, నా వైపు తిరిగి కన్నడంలో చెడామడా తిట్టింది. తల్లివి కదా, కళ్ళు లేవా అన్నది. పెట్టినవాళ్ళు ఎవరైనా తిట్లు మాత్రం తల్లికే, అది ఏ భాషలోనైనా అంతే. ముందుపళ్ళు నాలుగూ పీకేశారు. చేతులు నేను పట్టుకున్నాను, కాళ్ళు మా ఆయన పట్టుకున్నాడు. వాడు నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరచిపోను. అత్తమ్మ బయట బెంచీ మీద కూర్చుని వాడి కోసం ప్రార్థన చేసింది.

పాలపళ్ళు ఊడితే వేరేవి వస్తాయి, నిజమే. ఎప్పుడు వస్తాయో మాత్రం ఎవరూ చెప్పరు. మూడేళ్ళకు పీకించిన చోట ఏడేళ్ళకు గానీ రావట. మధ్యలో ఆ పిల్లవాడు ఎట్లా నవ్వాలి? బడిలో కన్నడం పిల్లలు వాణ్ణి బొచ్చుబాయి అని పిలిచారు, అంటే బోసినోరు అని. ఇప్పుడు వాడికి ఆరేళ్ళు. నవ్వొచ్చినప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఎవరూ నేర్పలేదు, వాడే నేర్చుకున్నాడు. ఆరేళ్ళవాడు నోరు దాచుకుని నవ్వుతుంటే చూడటం ఎట్లా ఉంటుందో ఆ స్కూటర్ ఆపే శిష్యులకు ఏం తెలుసు.

అందుకే పాప పుట్టినప్పుడే నేను ఒట్టు పెట్టుకున్నాను. ఈ పిల్లకు మూడేళ్ళు నిండేదాకా చాక్లెట్ లేదు, మిఠాయి లేదు, పాలల్లో చక్కెర లేదు. నాకు కావలసింది ఒక్కటే. ఈ పిల్ల నోరు తెరిచి నవ్వాలి. ఇది పెద్ద కోరికా? ఇంట్లోవాళ్ళకు మాత్రం నేను పిల్లను కడుపు మాడ్చి చంపుతానన్నట్టే వినబడింది.

మన్నాఏఖేళ్ళిలో ఉండే మా ఆడబిడ్డ పేడాల డబ్బాతో వచ్చింది. నేను డబ్బా తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె చాప మీద కూర్చుని, నా వైపు చూడకుండా గోడతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"పిల్ల నోరు కట్టేసిన తల్లిని నేనెక్కడ సూడలే. ఉన్నోళ్ళ ఇంట్ల పుట్టి గూడ గింత తీపికి నోసుకోలే పాపం."

"మీ తమ్ముని కొడుకు పండ్లు పీకిన నాడు మీరు రాలే గద వదినా. వచ్చి కాళ్ళు పట్టుకుంటే తెలుస్తుండె" అన్నాను.

ఆమె సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది. పోతూ పోతూ తమ్ముడితో, "నీ పెండ్లాం పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అని వెళ్ళింది. మా ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆయన సంగతి చెప్పాలంటే గోడ మీద పిల్లి అనాలి. నా దగ్గర, "నువ్వన్నదే కరెక్టు" అంటాడు. అత్తమ్మ దగ్గర, "అది గట్లనే అంటది తియ్ అమ్మా" అంటాడు. ఒకరోజు నిలదీస్తే, "మీ ఇద్దరి నడుమ నాకెందుకు లొల్లి?" అన్నాడు. పిల్ల ఆయనది కూడా అని గుర్తుచెయ్యాల్సి వచ్చింది.

అత్తమ్మ దగ్గర ఒకే వాదన ఉండేది, అది ఎంత వాడినా అరిగేది కాదు.

"మేమందరం తిని పెరగలేదానే?"

"పెరిగిండ్రు అత్తమ్మా. అందుకే గద కట్టుడు పండ్లు గిలాసల నానబెట్టుకుంటున్నరు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది అని ఇప్పుడు చెబుతానని మీరు అనుకుంటే పొరపాటే. మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ అంటాను. ఆమె కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు, ఆ కొన్నాళ్ళూ ఇల్లు హాయిగా ఉంది. కానీ నేను కొలువుకు పోవాలంటే పాపను ఆమె చేతుల్లో పెట్టే పోవాలి. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలుసునని ఆమెకూ తెలుసు. కొట్లాడినవాళ్ళకే పొద్దున్నే పిల్లను అప్పగించి, "పోయొస్త అత్తమ్మా" అనడం ఎంత కష్టమో ఉద్యోగం చేసే కోడళ్ళను అడగండి.

ఒక్క విషయంలో మాత్రం ఆమెను మెచ్చుకోక తప్పదు. మా ఇంట్లో ప్రార్థన లేకుండా ముద్ద నోట్లోకి పోదు. పాపకు మాటలు రాకముందే అత్తమ్మ అది నేర్పింది. పళ్ళెం ముందు పెట్టగానే పాప బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. చేతులు జోడించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏదో గొణిగి ఆగుతుంది. ఎవరో ఒకరు ఆమేన్ అనాలి. అనేదాకా మెతుకు ముట్టదు. పక్కన ఉన్నవాళ్ళకు తన పళ్ళెంలోంచి ఒక ముద్ద జరిపి మరీ కళ్ళు మూసుకుంటుంది. అత్తమ్మ వంటింట్లో ఉన్నా, దొడ్లో బట్టలు ఆరేస్తున్నా, అక్కడినుంచే "ఆమేన్, తిను బిడ్డా" అని కేకేసేది. ఎంత కోపంలో ఉన్నా అది వింటే నాకు మెత్తబడేది.

పాపకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. రెండేళ్ళు వస్తున్నా అన్నీ విడి మాటలే. అమ్మ, నాన, నీళ్ళు, వద్దు. వద్దు అన్నది మాత్రం గంట కొట్టినట్టు పలికేది. అది తల్లి పోలిక అని అత్తమ్మ అందరికీ చెప్పేది. రెండు మాటలు కలిపి అనడం ఇంకా రాలేదు. రోజూ ఆఫీసు నుంచి వస్తూనే, "ఇయ్యాల ఏమన్న కొత్తగ అన్నదా?" అని అడిగేదాన్ని. "ఏడ? ఏమనలే" అనేది అత్తమ్మ. అమ్మా రా అంటుందో, నీళ్ళు కావాలి అంటుందో, ఆ మొదటి మాట నేను ఇంట్లో ఉన్నప్పుడే అనాలని ఒక ఆశ ఉండేది.

మొదటి పుట్టినరోజును జ్వరం సాకుతో, మిగతా ఆదివారాలను అందరికంటే ముందు గుమ్మం దాటి నెట్టుకొచ్చాను. రెండో పుట్టినరోజు వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర జామపళ్ళు పంచుదామన్నాను. అత్తమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది.

"చర్చిల జాంపండ్లు పంచుతవా? నలుగుట్ల మన ఇజ్జత్ ఏం గావాలె?"

"జాంపండు తింటే ఇజ్జత్ పోదు అత్తమ్మా, పండ్లు గూడ పోవు."

ఎర్రమట్టి తోటల కాయలు, దోరగా, చేతికి ఇమిడేంత సైజువి ఏరి తెప్పించాను. ఉప్పునీళ్ళలో కడిగి, తుడిచి, రెండు బుట్టల్లో సర్దాను. పెద్దవాడు సాయం చేశాడు. వాడు కొరకలేడని వాడికి ముక్కలు కోసి పెట్టాను. ఆదివారం పాస్టరుగారు పాప తల మీద చెయ్యి పెట్టి చక్కగా ప్రార్థన చేశారు. పాపే అందరికంటే ముందు ఆమేన్ కోసం ఒక కన్ను తెరిచి చూసింది. అందరూ నవ్వారు. అంతా బాగా జరుగుతుందనుకున్నాను.

గుమ్మం దగ్గర పాపను చంకనేసుకుని, బుట్ట ముందు పెట్టుకుని నిలబడ్డాను. మొదట వచ్చిన పెద్దమ్మ బుట్టలోకి తొంగిచూసింది.

"ఏందమ్మా ఇది, కాయలా? మరి పిల్ల నోరు తీపి ఎట్ల జేయాలె?"

"ప్రార్థన జేసిండ్రు గద పెద్దమ్మా, చాలు."

చాలదట. ఆమె హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, అందులోంచి ఒక చాక్లెట్ తీసింది. వెనకనున్న ఆమె కూడా జిప్పు తీసింది. ఆ వెనక ఇంకొకామె. అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. చర్చిలోనే పుట్టి పెరిగినదాన్ని, అయినా ఆ సంగతి తట్టలేదు. పోయిన ఆదివారం పంచిన చాక్లెట్ ప్రతి బ్యాగులోనూ ఉంటుంది. పెద్దవాళ్ళలో సగంమందికి షుగరు, వాళ్ళెవరూ తినరు. బ్యాగులో వేసుకుని, వారమంతా ఎండలో తిప్పి, మళ్ళీ ఆదివారం దొరికిన పిల్ల నోట్లో పెడతారు. ఏళ్ళ తరబడి అవే చాక్లెట్లు మా సంఘంలో చేతులు మారుతున్నాయేమో అని నా అనుమానం.

నేను వద్దు వద్దంటుండగానే మెత్తబడిపోయిన ఒక చాక్లెట్ పాప నోట్లోకి వెళ్ళిపోయింది. నేను వేలు పెట్టి లాగి, మెట్ల కిందికి విసిరేశాను. పాప ఒక్క కేక పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తీపి తగిలిన నాలుక మరి. గుమ్మం దగ్గర అందరూ నిలబడిపోయారు. పాస్టరమ్మ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా, పెద్దోళ్ళ ఆశీర్వాదం గట్ల పారేస్తరా?"

"ఆశీర్వాదం తల మీద పెట్టుమనుండ్రి అమ్మగారూ, నోట్ల గాదు. నా కొడుకు నోట్ల పెట్టిన ఆశీర్వాదాలు డాక్టరమ్మ పీకి ట్రేల వేసింది."

పెద్దవాడు నా కొంగు వెనక నిలబడి ఉన్నాడు, చెయ్యి నోటికి అడ్డం ఉంది. అందరూ వాడి వైపే చూశారు. నాకు వాళ్ళందరినీ అక్కడికక్కడే కడిగేయాలనిపించింది. జామపళ్ళు సగం అట్లాగే మిగిలాయి. ఇంటికి వచ్చేదాకా అత్తమ్మ ఆటోలో అటు తిరిగి కూర్చుంది. ఇంట్లోకి వచ్చాక ఒక్కటే మాట అన్నది.

"నేను పాఠం జెప్పిన పిల్లలంత సూస్తుండంగ నా తల తీసేసినవ్."

నాకు చెప్పడానికి చాలా ఉంది, కానీ పాపను పడుకోబెట్టాలి.

ఆ వారంలోనే ఆమె మారిపోయింది. ఒక సాయంత్రం నేను టీ తాగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. "నీ పిల్ల, నీ ఇష్టం. ఇగ నేనేం పెట్ట, నువ్వు రంధి పెట్టుకోకు" అన్నది. వంటింటి అలమర పైన ఉండే రేకు డబ్బా కూడా కనబడకుండా పోయింది. అంతకంటే విచిత్రం, సాయంత్రం నేను వచ్చేసరికి పాప పళ్ళు తోమి, మొహం కడిగి, పౌడరు అద్ది కూర్చోబెట్టేది. అన్నేళ్ళూ పళ్ళు తోమమంటే, "పిల్ల ఏడుస్తది" అన్న మనిషి. ఆ పని నాకు తప్పింది. మా ఆయనతో, "సూసినవా, గట్టిగ ఉంటే వింటరు" అన్నాను. ఆయన ఎప్పటిలాగే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకు అర్థం అప్పుడే అడగాల్సింది. ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. అత్తగారితో పోరి గెలిచిన కోడలు ఊరుకుంటుందా?

కొన్ని వారాలకు, ఒకరోజు ఆఫీసులో సర్వర్ ఆగిపోయింది. ఇక ఇవాళ రాదని తేలాక మధ్యాహ్నమే ఇంటికి బయలుదేరాను. పెద్దవాడు బడిలో ఉన్నాడు. మా ఆయన పనిలో ఉన్నాడు. పాప పడుకుని ఉంటుందని చప్పుడు కాకుండా గేటు తీసి, చెప్పులు బయటే విడిచి, తలుపు నెట్టాను.

పాప పడుకోలేదు. ముందుగదిలో చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముందు తన స్టీలు పళ్ళెం ఉంది. పళ్ళెంలో అన్నం లేదు, కాగితం విప్పి ముక్కలు చేసిన చాక్లెట్ ఉంది. పక్కన మూత తీసిన రేకు డబ్బా ఉంది. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆ మనిషిని ఏమేం అనాలో అన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. కంచే చేను మేసింది, అంతకంటే ఏం చెప్పను? అప్పుడే పాప తలెత్తి నన్ను చూసింది. దాచుకుంటుందనుకున్నాను. దాచుకోలేదు. నేను వేళ కాని వేళ వచ్చినందుకు దాని మొహం విప్పారింది. ఒక ముక్క తీసి, పళ్ళెం అంచున నా వైపు జరిపింది. తరువాత రోజూ చేసినట్టే చేతులు జోడించింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తీపి తినే ముందు చెప్పమని తనకు నేర్పిన మాట తడబడకుండా చెప్పింది.

"అమ్మకు చెప్పొద్దు."

రెండు మాటలు కలిపి అనడం అదే మొదటిసారి, నేను విన్నంతలో. ఆ మాట నాకే చెప్పి, ఒక కన్ను తెరిచి, నేను ఆమేన్ అంటానేమో అని నా మొహంలోకి చూసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నేను వచ్చిన సంగతి తెలియని మా అత్తమ్మ అక్కడినుంచే కేకేసింది.

"ఆమేన్, తిను బిడ్డా."

పాప ముక్క నోట్లో వేసుకుని, నా వైపు చూసి, నేను కోరుకున్నట్టే నోరు నిండా తెరిచి నవ్వింది. ముందుపళ్ళకు చిగురు అంచున తెల్లని గీత ఉంది.